రెండు బస్సుల్లో జాయింటు ఖాతా

"చేత్తో కుట్టిన కాజాలు ఇంక వద్దమ్మా. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మిషను కాజాలే తీసుకుంటాను" అని టైలరు చాలా మామూలుగా అన్నాడు. నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని, ఎవరిదో కోటు చంక కింద సుద్దతో గీతలు గీస్తూ అన్నాడు. గుండీలావిడకి కాళ్ళకింద నేల కాస్త పక్కకి జరిగినట్టయింది. అంత దిగుల్లోనూ ఆవిడకి ముందొచ్చిన భయం మాత్రం వేరు. ఆ సూదుల్లో ఒకటి గొంతులోకి జారితే ఈ మనిషి గతి ఏమిటని. ముందు ఆ సూదులు తీసి మాట్లాడు నాయనా అంది. అతను తీసి, అదే మాట మళ్ళీ చెప్పాడు. సూదులు లేకుండా వింటే ఇంకా స్పష్టంగా ఉంది.

గుండీలావిడ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. చొక్కాలకి గుండీలు కుట్టడం, ఆ గుండీ దూరే కంత చుట్టూ దారంతో అల్లడం ఆవిడ పని. ఆ కంతనే కాజా అంటారు. ఇరవయ్యారేళ్ళుగా చేస్తోంది. ఒకప్పుడు పొద్దుట కూర్చుంటే సాయంత్రానికి అరవై కాజాలు తేల్చేసేది. ఈ మధ్య కళ్ళు మొరాయిస్తున్నాయి. ముప్పై దాటేసరికి దారమేదో గుడ్డేదో తెలియడం లేదు. కాజా మిషను ఉంటే ఆ అరవయ్యీ గంటలో అయిపోతాయి. లేకపోతే పని కాస్తా మిషనున్న ఇంకో ఆవిడకి పోతుంది. ఆ ఇంకో ఆవిడ ఎవరో కూడా టైలరు చెప్పబోయాడు గాని, ఈవిడ వినపడనట్టు సంచి భుజాన వేసుకుని వచ్చేసింది.

మిషను కొట్టువాడు వాయిదాల మీద ఇస్తానన్నాడు. మూడు నెలలకో వాయిదా, మూడేళ్ళు కట్టాలి. ఇంట్లో డబ్బు లేక కాదు. ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ముప్పయ్యేళ్ళు జనాన్ని పైకీ కిందకీ పంపి ఆయన కూడబెట్టినదంతా ఆయన పేరు మీదే బ్యాంకులో ఫిక్సుడు డిపాజిట్టుగా ఉంది. కానీ అసలు ముట్టుకోకూడదన్నది ఆ ఇంటి చట్టం. ఆ చట్టం చేసింది ఈవిడే. రేపేమవుతుందో ఎవరు చూడొచ్చారు? వడ్డీ వాడుకోవచ్చు. ఆ వడ్డీ అద్దెకీ, కరెంటుకీ, మందులకీ సరిపోయి, మిషను వాయిదా దగ్గరకొచ్చేసరికి చేతులెత్తేస్తోంది.

దారి చూపించింది కూతురు. ఆ పిల్ల ఆడిటరు ఆఫీసులో పని చేస్తుంది. ఆదివారం భోజనానికొచ్చి, తండ్రి డిపాజిట్టు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, వడ్డీలో ప్రతి మూడు నెలలకీ పన్ను కింద ఎంత కోస్తున్నారో లెక్కగట్టింది. ఆ కోసిన ముక్క అచ్చం మిషను వాయిదా అంత ఉంది. ఇంకేం, తల్లిని చెయ్యి పట్టుకుని నీళ్ళగదిలోకి లాక్కెళ్ళి కుళాయి తిప్పింది.

"ఈ బకెట్టు నాన్న అనుకో. ఇంత వడ్డీ వరకు పన్ను లేదని మనిషికో బకెట్టు ఇచ్చారు. నాన్నది నిండిపోయి పొర్లిపోతోంది. పొర్లినదాంట్లోంచి పన్ను కోస్తారు. నీ బకెట్టేమో ఖాళీగా మూల కూర్చుంది. డిపాజిట్టు ఇద్దరి పేరు మీద జాయింటుగా వేశామనుకో, వడ్డీ సగం నాన్నకి, సగం నీకు. రెండు బకెట్లూ పొర్లవు, పైసా కొయ్యరు."

తల్లి తన బకెట్టు ఎత్తి అడుగు చూసింది. "నా దానికి చిల్లి ఉంటేనో" అంది.

అది నిజంగానే చిల్లి బకెట్టు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న లిఫ్టాయన, దానికి టేపు వేద్దాంలే అన్నాడు. నీళ్ళు వృథా అవుతున్నాయని ఆవిడ వెళ్ళి కుళాయి కట్టేసింది. పాఠం అక్కడితో ఆగిపోయింది. కానీ విషయం తలకెక్కింది. డిపాజిట్టు ఈ శుక్రవారంతో పూర్తవుతుంది. ఆ రోజు బ్యాంకు మూసే వేళకి, అంటే సాయంత్రం నాలుగింటికి, ఇద్దరూ కలిసి వెళ్ళి జాయింటుకి సంతకాలు పెడితే సరి. పెట్టకపోతే డబ్బు దానంతటదే ఇంకో మూడేళ్ళు ఆయన ఒక్కడి పేరు మీదే పడిపోతుంది. పన్ను మళ్ళీ కోస్తారు, మిషను రాదు, కాజాలు ఇంకో ఆవిడకి పోతాయి. ఆ బ్యాంకు వాళ్ళ ఏ బ్రాంచికి వెళ్ళినా ఒకటే, అన్నీ కంప్యూటర్లో ఉంటాయి అని చెప్పి కూతురు చెప్పులేసుకుంది.

ఆ చివరి మాటే కొంప ముంచింది. అది శుక్రవారం గాని తెలియలేదు.

సోమవారం నుంచి గురువారం దాకా గుండీలావిడ సూదిలో దారం ఎక్కించినట్టే ఎక్కించి, ఎక్కించకుండానే కూర్చుని ఆలోచించింది. ఇన్నాళ్ళూ డబ్బు ఒక్కరి పేరు మీద ఉంది గనక ఒక్కరు జాగ్రత్తగా ఉంటే సరిపోయింది. ఇప్పుడు ఇద్దరూ జాగ్రత్తగా ఉండాలి. ఆ రెండో మనిషి ఎవరయ్యా అంటే, కదిలే లిఫ్టు మీద నిలబడి ఈల వేసుకునే మనిషి. సంతకం పెట్టాల్సిన రోజునే ఆయన చెయ్యి బెణికితే? బ్యాంకు మెట్ల మీద తనే జారిపడి పళ్ళు రాలగొట్టుకుంటే, ఫోటోలో ఉన్నది తనేనని ఎవరు ఒప్పుకుంటారు?

అసలు ఆవిడ జాగ్రత్త మామూలు జాగ్రత్త కాదు. బస్సులో రెండు స్టాపులు ఎక్కువకి టికెట్టు కొనేది. ఎక్కడ దిగుతుందో పక్కవాళ్ళకి తెలియకూడదుగా. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే, అమ్మగారు ఊళ్ళో లేరు, నేను పనిమనిషిని అని చెప్పి పెట్టేసేది. నంబరు మార్చుకున్న సొంత చెల్లెలికి ఆ సమాధానం చెప్పి, ఆర్నెల్లు మాటల్లేకుండా ఉంది. కొత్తవాళ్ళకి నిజం చెప్పడమంటే ఆవిడ లెక్కలో దొంగ చేతికి తాళంచెవి ఇచ్చి, తలుపెటుందో కూడా చూపించడమే. లిఫ్టయితే ఎక్కనే ఎక్కదు. ఎనిమిదో అంతస్తు అయినా మెట్లే. లిఫ్టాయన పెళ్ళాం మెట్లెక్కుతుందని ఆయన స్నేహితులు ఆటపట్టిస్తే, ఆయన నవ్వి ఊరుకునేవాడు.

శుక్రవారం పొద్దున్నే ఏర్పాట్లన్నీ చెప్పేసింది. ఖాతాలో పేర్లున్న ఇద్దరూ ఒకే బస్సెక్కకూడదు. బస్సు బోల్తా పడితే ఒక్కరైనా మిగలాలి. కాబట్టి ఆయన ముందు బస్సు, తను వెనక బస్సు. కాగితాలన్నీ ఒకే సంచిలో ఉండకూడదు. ఆయన గుర్తింపు కార్డు, ఫోటోలు, డిపాజిట్టు కాగితం తన సంచిలో. తన కార్డు, తన ఫోటోలు, తన పాత పాస్‌బుక్కు ఆయన సంచిలో. దొంగ ఏ సంచి లాక్కున్నా, సంచి మోసే మనిషి వేరు, కాగితాల్లో మనిషి వేరు. వాడి బుర్ర తిరిగిపోవాలి.

"దొంగ సంగతి సరే, మన బుర్ర తిరగదా" అన్నాడాయన.

"మనం బ్యాంకులో కలుస్తాంగా. అప్పుడు మార్చుకుంటాం."

ఇంకోటి కూడా చెప్పింది. డబ్బు కదిపే రోజునే మోసగాళ్ళు ఫోన్లు చేస్తారట, ఎవరో అన్నారు. అందుకని ఇద్దరి ఫోన్లూ కట్టేయాలి. తెరవనని ఆయన చేత మాట తీసుకుంది. రెండింటికల్లా బ్యాంకు దగ్గర కలుద్దాం అనుకుని, ఆయన ఈల వేసుకుంటూ ముందు బస్సెక్కాడు. ఆవిడ ఆ బస్సు చక్రాలన్నీ ఉన్నాయో లేదో చూసి, వెనక బస్సెక్కింది.

ముప్పయ్యొక్కేళ్ళు కాపురం చేశారు. ఏ బ్యాంకు అని ఒకర్నొకరు అడగాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఆవిడకి బ్యాంకంటే టైలరు కొట్టు పక్కన ఉన్న చిన్న బ్రాంచి. గుండీల డబ్బులు దాచుకునే ఖాతా అక్కడే ఉంది. ఆయనకి బ్యాంకంటే అదే రోడ్డు మీద ఇంకో ఆరు స్టాపుల అవతల, ఎనిమిదంతస్తుల మేడలో ఉన్న పెద్ద బ్రాంచి. ఆ మేడ లిఫ్టుని ఇరవయ్యేళ్ళుగా చూసుకుంటున్నది ఆయనే. ఎవరి బ్యాంకు దగ్గర వాళ్ళు దిగి, ఎవరి మానాన వాళ్ళు కూర్చున్నారు.

రెండయింది. రెండుం పావయింది. ఆయన రాలేదు. కౌంటరులో ఉన్న అమ్మాయి, కళ్ళజోడు ముక్కు మీదకి జారే అమ్మాయి, కాగితాలు చూపించండి ఆంటీ, ఈలోగా పని మొదలుపెడతాను అంది. గుండీలావిడ సంచి విప్పి ఫోటో తీసిచ్చింది. గుబురు మీసాల మనిషి అందులోంచి నవ్వుతున్నాడు.

"ఇది మీరు కాదు కదా ఆంటీ."

"కాదమ్మా, మా ఆయన. నేను ఆయన సంచిలో ఉన్నాను."

ఆ అమ్మాయి కళ్ళజోడు పైకి తోసుకుని, ఆయన రానివ్వండి అని నెమ్మదిగా చెప్పి కుర్చీ చూపించింది.

కూర్చున్నాక అసలు భయం మొదలైంది. రెండున్నరకి బస్సు బోల్తా పడింది. రెండు ముప్ఫయ్యయిదుకి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. జేబులు వెతికారు, సంచి వెతికారు. దొరికింది ఆవిడ కార్డు. ఇంకేముంది, మంచానికి ఆవిడ పేరు రాసి తగిలించేశారు. మీసాలున్నా సరే కాగితంలో ఉన్నదే మాట అని ఆడవాళ్ళ వార్డులో పడుకోబెట్టారు. లేచి చూసుకుని ఆయన ఎంత సిగ్గుపడతాడో. అసలు లేస్తాడో లేదో. ఈ ఆలోచన రాగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగి, గుమ్మం దగ్గరున్న కాపలా మనిషిని, ఇటుపక్క ఎక్కడన్నా బస్సులు బోల్తా పడ్డాయా బాబూ అని అడిగింది. ఈ రోజు ఇంకా లేదమ్మా అన్నాడతను. ఇంకా అన్న మాట ఆవిడకి బొత్తిగా నచ్చలేదు.

ఉండబట్టలేక ఫోను తెరిచింది. తెరిచీ తెరవగానే మోగింది. తెలియని నంబరు. చూశావా, వీళ్ళ జాడ తెలిసే కాచుకుని కూర్చున్నారు అనుకుంది. అవతల గరగరమంటూ ఒక గొంతు, ఇదిగో నేనే అంది. దొంగలందరూ ముందు అనే మాట అదే. పైగా గొంతులు మార్చడం వాళ్ళకి విద్య. అమ్మగారు ఊళ్ళో లేరు, నేను పనిమనిషిని అని గడగడా చెప్పి, ఫోను కట్టేసి, సంచి అడుక్కి తోసేసింది. ఆ పని చేశాక కాస్త ధైర్యం వచ్చింది కూడా.

పావు తక్కువ మూడయింది. ఇలా కూర్చుంటే లాభం లేదని లేచింది. ఇంటి దగ్గర నుంచి ఇక్కడి దాకా తనూ బస్సులోనే వచ్చింది, దారిలో బోల్తా పడ్డ బస్సేదీ కనపడలేదు. అంటే పడితే ఇంకా ముందుకెళ్ళి పడి ఉండాలి. లేదా ఆ మహానుభావుడు నిద్రపోయి చివరి స్టాపు దాకా పోయి ఉండాలి. కౌంటరు అమ్మాయికి, ఒకవేళ నేను తిరిగి రాకపోతే మా అమ్మాయికి ఫోను చెయ్యి తల్లీ అని నంబరు రాసిచ్చి, ముందుకెళ్ళే బస్సెక్కింది.

మూడు స్టాపుల తర్వాత కూడలిలో ఎర్ర లైటు పడి బస్సు ఆగింది. పక్కనే, ఎదురు వైపు నుంచి కూడలి దాటి వచ్చిన బస్సు కూడా రద్దీలో ఆగింది. దాని కిటికీలో, చేతికందేంత దూరంలో, లిఫ్టాయన కూర్చుని అరటిపండు తింటున్నాడు.

బతికే ఉన్నాడు. అంత దిగులుపడితే ఈయన అరటిపండు తింటున్నాడు. ఆవిడ కిటికీ అద్దం మీద దబదబా బాదింది. ఆయన చూశాడు. పండు పట్టుకున్న చేత్తోనే ఏదో చెప్పాడు. ఏమిటో అర్థమయ్యేలోపు పచ్చ లైటు పడింది, రెండు బస్సులూ చెరో దిక్కుకి కదిలిపోయాయి.

పక్క స్టాపులో దిగిపోయింది. మీ టికెట్టు ఇంకా దూరం ఉందమ్మా అని కండక్టరు అంటున్నా వినకుండా, రోడ్డు దాటి వెనక్కెళ్ళే బస్సెక్కింది. అచ్చం అదే పని ఆయనా చేశాడు. అదే కూడలిలో, అదే ఎర్ర లైటు దగ్గర, మళ్ళీ రెండు బస్సులూ పక్కపక్కన ఆగాయి. ఈసారి ఆయనటు వెళ్తున్నాడు, ఆవిడిటు వస్తోంది. పండు అయిపోయింది.

చూస్తున్న జనానికి సరదాగానే ఉంది గాని, మూడుంపావు దాటింది. ఆవిడ మళ్ళీ దిగడానికి లేవబోయింది. అప్పుడు ఆయన కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, అరచెయ్యి తెరిచి, ఆవిడ వైపు గట్టిగా చూపించాడు. ఆ సైగ ఆవిడకి తెలుసు. లిఫ్టు పనిలో ఉన్నప్పుడు ఎవరైనా బటన్ నొక్కబోతే ఆయన అలాగే అరచెయ్యి చూపిస్తాడు. కదలకు, దేన్నీ ముట్టుకోకు, నేనే వస్తాను అని దానర్థం. ఆ సైగకి ఎనిమిదంతస్తుల జనమూ ఆగిపోవడం ఆవిడ కళ్ళారా చూసింది.

పక్క స్టాపులో దిగి, మేకు దిగ్గొట్టినట్టు నిలబడిపోయింది. ఎండ. ఒకాయన దారి అడిగితే ఊళ్ళో లేరని చెప్పింది. మూడు ఇరవయ్యయిదుకి లిఫ్టాయన బస్సు దిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏవండీ, ఎక్కడికి పోయారు? ఆసుపత్రిలో మీ మంచానికి నా పేరు రాసేశారనుకున్నాను."

"బ్యాంకులోనే ఉన్నానే. పెద్ద బ్రాంచిలో. నువ్వు మాట తీసుకున్నావని నా ఫోను తెరవకుండా, మేనేజరు గారి ఫోను నుంచి చేశాను. పనిమనిషి తీసింది. అమ్మగారు ఊళ్ళో లేరంది."

ఆవిడ ఆ గరగర గొంతు మీదా అని అడగలేదు.

"అమ్మగారు ఎక్కడున్నారో అప్పుడే తెలిసింది" అని ఆయన సంచి భుజం మార్చుకున్నాడు. "నీకు బ్యాంకంటే టైలరు పక్కదేగా. పద, మూడు స్టాపులు. నడిచిపోదాం. నడిస్తే బోల్తా పడం."

నడవడం అన్నాడు గాని పరుగే. ఆవిడ పరిగెత్తుతూ కూడా, పరుగులో గుండె ఆగిపోయినవాళ్ళ సంగతులు రెండు చెప్పింది. బ్యాంకు గుమ్మంలోకి వచ్చేసరికి మూడు నలభై అయిదు. కాపలా మనిషి తలుపు తీసి పట్టుకుని, బస్సు దొరికిందామ్మా అని అడిగాడు.

సంచులు రెండూ కౌంటరు మీద బోర్లించి కాగితాలు ఎవరివి వాళ్ళకి చేర్చారు. కౌంటరు అమ్మాయి చకచకా పని చేసింది. అంకుల్ సంగతంతా సరిపోయింది. ఆంటీ పాత ఖాతాని దీనికి కలపాలి, దానికి ఖాతా తెరిచినప్పుడు పెట్టుకున్న రహస్య జవాబు ఒక్కటి చెప్తే చాలు అంది. ప్రశ్న చదివింది. మీకు అన్నిటికంటే ఇష్టమైన వస్తువు ఏది?

గుండీలావిడ వెనక్కి తిరిగి చూసింది. బల్ల మీద ఒక పెద్దాయన నోరు తెరిచి నిద్రపోతున్నాడు. నిద్ర నటిస్తున్నాడేమో ఎవరికి తెలుసు? చెప్పకుండా కాగితం మీద రాసి తోసింది. కత్తెర. అమ్మాయి కంప్యూటరులో కొట్టి, తప్పు అంది. సూదుల డబ్బా అని రాసిచ్చింది. అదీ తప్పే. ఇంకొక్కసారే అవకాశం ఆంటీ, ఈసారి తప్పయితే ఖాతాకి వారం రోజులు తాళం పడుతుంది అంది ఆ అమ్మాయి. గోడ గడియారం ఎనిమిది తక్కువ నాలుగు చూపిస్తోంది.

వారం రోజులు ఆగితే చేసేదేముంది? అప్పటికి డబ్బు మళ్ళీ మూడేళ్ళకి పడిపోతుంది. ఆవిడకి ఇష్టమైనవి రెండే, రెండూ తప్పట. తన మతి పోయిందేమో. ఇదే మొదలట, ముందు వస్తువులు మరిచిపోతారు, తర్వాత మనుషుల్ని. రేపు కూతుర్ని చూసి ఎవరమ్మా నువ్వు అంటుందేమో.

అప్పుడు గుర్తొచ్చింది. నెమ్మదిగా ఆయన వైపు వంగి, "ఏవండీ, నేను నిజం చెప్పి ఉండను. కొత్తవాళ్ళకి నిజం చెప్తానా? అబద్ధం చెప్పాను. ఏం అబద్ధం చెప్పానో గుర్తు లేదు" అంది.

కౌంటరు అమ్మాయి టైపు కొట్టడం ఆపేసింది. తను ఈ ఉద్యోగంలో చేరాక సొంత ఖాతాకే అబద్ధం చెప్పిన మనిషిని చూడటం ఇదే అని తర్వాత అందట.

లిఫ్టాయన తొందరపడలేదు. ఇరుక్కున్న లిఫ్టు ముందు నిలబడ్డట్టు నిలబడి, పాస్‌బుక్కు తెరిచి ఖాతా ఏ సంవత్సరంలో తెరిచారో చూశాడు. పదిహేడేళ్ళ కిందట. వేలు ఆ అంకె మీదే ఉంచి కాసేపు ఆలోచించాడు. ఈవిడ భయాల్ని బట్టి ఏ ఏడు ఏం జరిగిందో ఆయన చెప్పగలడు. బల్లుల ఏడు, గ్యాసు పొయ్యి ఏడు, పిల్లకి ఈత నేర్పించిన ఏడు. ఇది ఏది? పెద్ద బ్రాంచి మేడలో తను నాలుగూ అయిదూ అంతస్తుల మధ్య నాలుగు గంటలు ఇరుక్కుపోయిన ఏడు. ఈవిడ కింద కూర్చుని, ఎదురొచ్చిన ప్రతి మనిషికీ తను ఉద్యోగం మానేస్తున్నాడని చెప్పేసిన ఏడు.

"దొంగ కలలో కూడా ఊహించకూడదని అబద్ధం చెప్పావుగా. ఇష్టమైనదానికి బదులు ఏం చెప్తావు నువ్వు? ఆ ఏడు పొద్దున లేస్తే దేన్ని తిట్టేదానివి?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. కాగితం లాక్కుని రెండక్షరాలు రాసి, అరచేత్తో మూసి తోసింది. అమ్మాయి కొట్టింది. కళ్ళజోడు పైకి తోసుకుంది. సరిపోయింది ఆంటీ, మీకు లిఫ్టంటే అంత ఇష్టమా అని గట్టిగా అడిగేసింది.

"చూస్తేనే ఒళ్ళు మండిపోతుంది" అంది గుండీలావిడ. ఈలోగా రహస్యం బయటపడిపోయిందని బల్ల మీది పెద్దాయన వైపు చూసింది. ఆయన ఇంకా నిద్రలోనే ఉన్నాడు, అయినా ఈ జవాబు మార్చుకోవాలి అనుకుంది.

నాలుగు తక్కువ నాలుగు. ఫారం ముద్రించి ఇద్దరి ముందూ పెట్టారు. ఆయన గీకేశాడు. ఆవిడ పెన్ను పట్టుకుని ఆగిపోయింది. ఖాతా నడిపేది ఎవరు అన్నచోట అచ్చులో ఉంది: ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికున్నవారు. ఆ చివరి మాట ఆవిడ వేలు పెట్టి చూపించింది. పెట్టనంది. తను ఇంటి నుంచి వేరే బస్సులో వచ్చిందే ఈ మాట అనిపించుకోకూడదని. డబ్బు కోసం, మిషను కోసం, ఇలాంటి మాట కింద సంతకం పెట్టి ఇంటికెళ్ళి తిండి ఎలా తింటుంది? ఆ మాట కొట్టేయమ్మా అంది. అచ్చయిపోయింది ఆంటీ, కొట్టేస్తే చెల్లదు అంది అమ్మాయి. గడియారం ముల్లు కదిలిన చప్పుడు వినపడింది. కాపలా మనిషి తలుపుకి సగం గొళ్ళెం పెట్టేశాడు.

"ఇదిగో" అన్నాడు లిఫ్టాయన. "బతికున్నవారు అని రాశారు. ఇప్పుడు బతికున్నది ఎవరు?"

"మనమే."

"ఎంతమంది?"

"ఇద్దరం."

"అంతేగా మరి. మన గురించే రాశారు. పెట్టు."

ఆవిడ మళ్ళీ ఒకసారి చదివింది. నిజమే, ఇద్దరికీ సరిపోతోంది. అయితే ఇద్దరూ అని కూడా రాయొచ్చుగా అని గొణుక్కుంటూనే సంతకం పెట్టింది. అమ్మాయి ముద్ర కొట్టింది. బయట గొళ్ళెం పూర్తిగా పడింది. వాళ్ళని వెనక తలుపులోంచి పంపించాల్సి వచ్చింది.

ఇంటికి వెళ్ళడానికి ఒకే బస్సు వచ్చింది. తర్వాతది అరగంటకి. సరే, ఒకే బస్సు అయినా చెరో చివర కూర్చోవాలని ఆవిడ తేల్చింది. తను ముందు సీటు, ఆయన ఆఖరి సీటు. రెండు స్టాపులు అలాగే వెళ్ళారు. మూడో స్టాపులో ఆవిడ లేచి, సీట్లు పట్టుకుంటూ పట్టుకుంటూ వెనక్కి వచ్చి, ఆయన పక్కన కూలబడింది. దేనికన్నా గుద్దితే ముందు సీటుకే ముందు తగులుతుందట. ఆయన కాస్త జరిగి చోటిచ్చాడు.

"రేపు మిషను తెచ్చుకుందాం" అన్నాడు.

"ఆ సూది వేలికి దిగితేనో. నిమిషానికి ఎన్నిసార్లు పైకీ కిందకీ వెళ్తుందట అది."

"పైకీ కిందకీ వెళ్ళేవాటి సంగతి నాకొదిలెయ్. నేను చూసుకుంటాను."

ఆవిడ ఒప్పుకోలేదు, కాదనలేదు కూడా. బ్యాంకు వాళ్ళిచ్చిన రసీదు తీసి చూసింది. పైన ఆయన పేరు, పక్కన తన పేరు. దీన్ని మధ్యకి చించి చెరో ముక్కా దాచుకుందామా అని అడిగింది. నిజంగానే అడిగింది. ఆయన అది మెల్లిగా తీసుకుని మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబుకి మూత ఉంది, మూతకి గుండీ ఉంది. ఆవిడ గుండీ పెట్టి, లాగి చూసింది. కాజా ఆవిడ చేత్తో కుట్టిందే, ఎన్నేళ్ళయిందో. చుట్టూ ఒక్క దారం లేవలేదు. మిషను ఇంత బిగువుగా కుడుతుందా అని కాసేపు దిగులుపడింది.

తర్వాత అరచెయ్యి ఆ జేబు మీద అదిమి పెట్టి, ఇక తియ్యలేదు.

బస్సులో అందరూ చూస్తున్నారు, ఈ వయసులో ఇదేమిటి అనుకుంటారు, చెయ్యి తియ్యి అని ఆయన ఆవిడ చెవిలో అన్నాడు.

"అనుకోనీండి" అంది ఆవిడ. "దొంగలు కూడా అదే అనుకుంటారు."